చామనచాయ పిల్ల – కావ్యసుందరి

పోయిన యేడు సద్దుల బతుకమ్మనాడు మేము మేడ్చల్, శామీర్‌పేటల నడుమనున్న ఒక గ్రామములో బంధువుల యింట నుంటిమి. ఒకప్పుడు ద్రాక్షపందిళ్లకు పేరుపడిన ప్రాంత మది. ఇప్పుడు పందిళ్లు చాలవరకు పోయి, ఆ చోట ఇండ్లస్థలముల హద్దురాళ్లు వెలసినవి. ఆ యింటి మనుమరాలు పట్టపరీక్ష నెగ్గి, ఉద్యోగములో చేరిన పిల్ల. సాయంకాలము ఆడువారు పూలు పేర్చుచున్న వేళ, పెండ్లిసంబంధము మాటాడుటకు ఒక పెద్దమనిషి వచ్చెను. ఆయన చాయ త్రాగి, కప్పు క్రింద పెట్టి, "పిల్ల సదువుకున్నది, పనిమంతురాలు, మాట మంచిది. అంత మంచిగనే ఉన్నది గని, రంగే జర తక్కువ" అనెను. ఎవరును ఏమియు ననలేదు. పిల్ల తల్లి మాత్రము లోపలికి పోయి, ఫోటోలవాడు మొగమును తెల్లగా దిద్ది యిచ్చిన చిత్రమును తెచ్చి ఆయన చేతిలో పెట్టెను.

ఆయన వెళ్లిన పిమ్మట ఆ పిల్ల మా దగ్గరకు వచ్చి కూర్చుండి, "తాతా, మీరు గిన్ని పద్యాలు సదివిండ్రు గదా! వాటిల్ల నా అసొంటి పిల్ల యాడన్న ఉన్నదా?" అని అడిగినది. అప్పటికప్పుడు మాకు సమాధానము తోచలేదు. ఇట్టి ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదు గనుక, దానికి కొంత వివరముగా జవాబు చెప్పుటకే ఈ ప్రసంగమును ఉద్దేశించితిమి.

ముందుగా "రంగు తక్కువ" అను మాటనే తీసికొందము. ఏదేని వస్తువును కొలిచి చూడనిదే తక్కువ యనుటకు వీలులేదు. బియ్యము తక్కువ యన్నచో, మానెడో తవ్వెడో ముందు నిర్ణయమై యున్నదని అర్థము. అట్లే రంగు తక్కువ యనువారి చేతిలో కంటికి కనబడని యొక మానిక యున్నది. అది యెవరు చేసినది? మన కవులే ఆడుదానిని చంద్రముఖి యనిరి, పసిడిబొమ్మ యనిరి, కాబట్టి ఈ కొలత మనకు కవిత్వమునుండి వచ్చినదేయని కొందరు చెప్పుదురు. ఈ మాటలో కొంత నిజమున్నది. అయితే అందులో నిజము కానిది ఇంకను ఎక్కువ గలదు.

కావ్యములలో నాయికను వర్ణించుటకు ఒక క్రమమున్నది. దేవతలను పాదముల మొదలుకొని శిరస్సు వరకును, మానవులను శిరస్సు మొదలుకొని పాదముల వరకును వర్ణింపవలెనని ఆలంకారికుల నియమము. ఒక్కొక్క అవయవమునకు ఏర్పడిన పోలికలు కలవు. కురులకు తుమ్మెదలు, మొగమునకు చంద్రుడు, కన్నులకు కలువలు, చేపలు, లేడికన్నులు. ముక్కునకు సంపెగ, పెదవికి దొండపండు, పలువరుసకు మల్లెమొగ్గలు, కంఠమునకు శంఖము, నడుమునకు సింహపు నడుము, నడకకు హంస. కవి తన కావ్యనాయికను ఎన్నడును చూచియుండలేదు, చూడవలసిన పనియును లేదు. శిల్పి తాళమానమును బట్టి విగ్రహమును మలచినట్లు, కవి ఈ పట్టికను బట్టి నాయికను మలచెను. అందుచేతనే ఒక ప్రబంధములోని నాయికను మరియొక ప్రబంధములో నిలిపినను, మొగము చూచి ఆనవాలు పట్టుట కష్టము. ఆ వర్ణనలో కవి చూపదలచినది స్త్రీని కాదు, తన నేర్పును. వేయిమంది చెప్పిన పోలికను తాను వేయిన్నొకటవ విధముగా చెప్పగలుగుటయే ఆతనికి పందెము.

ఆ పందెము రాజసభలలో జరిగినది. మన ప్రాంతమున కుతుబ్‌షాహీ ప్రభువైన ఇబ్రహీం 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆ కాలమందే పటాన్‌చెరువునకు ప్రభువైన అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగన యయాతిచరిత్రమును అంకితము చేసెను. తత్సమపదములను విడిచి అచ్చతెనుగులో వెలసిన తొలి కావ్యముగా దానికి ప్రసిద్ధి. ఇంతకును గమనింపదగిన దేమనగా, అచ్చతెనుగు కావ్యములలో చంద్రముఖి జాబిల్లిమోముగలదైనది, పద్మనేత్ర తమ్మికంటి యైనది. భాష మారెను గాని కొలత మారలేదు. చూచువారు ప్రభువులు, వినువారు సభాసదులు. ఆ సభలో వరికోతకు పోవు స్త్రీ చెప్పవలసిన మాట ఒక్కటియు లేదు.

ఈ పోలికలు మన నిఘంటువులలో సయితము స్థిరపడినవి. అలివేణి యనగా తుమ్మెదల వంటి జడ గలది. తన్వి యనగా సన్ననిది. కలకంఠి యనగా కోకిల వంటి గొంతు గలది. పూబోడి యనగా పూవు వంటిది. కాలక్రమమున ఈ మాటలన్నియు "స్త్రీ" అను సామాన్యార్థములో వాడుకకు వచ్చినవి. నిఘంటువు తెరచిచూచిన, బొద్దుగానున్న స్త్రీయు తన్వియే, బొంగురు గొంతుగల స్త్రీయు కలకంఠియే. పురుషుని చెప్పు మాటలలో మగడు, ఏలిక, దొర వంటివి అధికారమును తెలుపునవి కాగా, స్త్రీని చెప్పు మాటలలో ఇన్ని అవయవములను తెలుపునవి యగుట ఆలోచింపదగినది. సమాజము ఎవరిని ఎట్లు చూచెనో పదములు దాచుకొన్నవి.

ఇంతవరకు చెప్పినది కావ్యములపై నేరారోపణవలె కనబడవచ్చును. ఇప్పుడు రంగు విషయమునకు వచ్చెదము. ఇక్కడ కథ మరియొక విధముగా నున్నది.

మహాభారతమున స్వయంవరమునకు రాజులందరిని రప్పించిన సుందరి ద్రౌపది. ఆమెకు కృష్ణ యను పేరు మేనిచాయను బట్టి వచ్చినది. ఆమె నల్లనిది. ఆమె రంగును తక్కువగా ఎంచి మత్స్యయంత్రమును విడిచి వెళ్లిన రాజెవ్వడును కథలో లేడు. శంతనుడు మోహించిన సత్యవతికి కాళి యనునది మరియొక పేరు. రామకృష్ణులను నీలమేఘశ్యాములని దినదినమును స్తుతించుచున్నాము. నలుపు దేవునియం దున్నపుడు కన్నులకు పండువయై, మన యింటి ఆడపిల్లయం దున్నపుడు తక్కువ యగుట యెట్లు?

కాళిదాసు మేఘసందేశములో యక్షుడు తన భార్యను గురించి చెప్పుచు "శ్యామ" యను మాట వాడినాడు. ఆ కావ్యమునకు వ్యాఖ్యానము వ్రాసిన మల్లినాథసూరి మనకు దూరపువాడు కాడు. మెదకు జిల్లాలోని కొల్చారమే ఆయన యింటిపేరైన కోలాచలమని పెద్దలు చెప్పుదురు. ఆయన ఈ మాటకు నిండు యౌవనములో నున్న స్త్రీ యని అర్థము చెప్పెను. శ్యామ యన్నది నలుపును చెప్పు మాట. అదియే యువతికి పేరైనది. అనగా సుందరియైన యువతి శ్యామవర్ణముగా నుండుట భాషకు వింత కాలేదన్నమాట. ఈ సంస్కృతపదమే తెలుగులో "చామ" యైనది. మన నిఘంటువులలో చామ యనగా స్త్రీ. చామనచాయ యను మాటకును మూలమిదే. నేడు పెండ్లిచూపుల సమయమున గొంతు తగ్గించి "పిల్ల చామనచాయ" అని చెప్పువారు, తాము పలుకుచున్నది ఒకనాటి ప్రశంసయని ఎరుగరు.

కావ్యములలో పసిడిచాయ నాయికలు హెచ్చుగా నున్న మాట నిజమే. బంగారుతీగె, మెరుపుతీగె యను పోలికలు అంతట కానవచ్చును. కాని పసిడిచాయను మెచ్చుకొనుట వేరు, నలుపును తక్కువచేయుట వేరు. మొదటిది కవి పని. రెండవది బజారు పని.

రాజసభలకు వెలుపల వేరొక కవిత్వము కలదు. శాతవాహనరాజైన హాలుడు కూర్చిన గాథాసప్తశతి ప్రాకృతభాషలో వెలసినది. అందు తెలుగు పదములున్నవని పండితులు గుర్తించిరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అందలి గాథలను తెలుగు పద్యములుగా మనకిచ్చిరి. ఆ గాథలలో రాణుల కంటె కాపు స్త్రీలు, వేటగాండ్ర భార్యలు, పొలము కాయు పడుచులు ఎక్కువ. వంటచేయుచు మసిచేతితో మొగము తుడుచుకొన్న ఇల్లాలిని చూచి భర్త నవ్వుకొనుట ఒక గాథలోని విషయము. మసి అంటుటచేత ఆ మొగమునకు చంద్రునితో పోలిక కుదిరినదట! చంద్రుని మచ్చను మరువక, పొయ్యిమసిని దాచక చెప్పిన ఆ కవికి మనము ఋణపడియున్నాము. అక్కడ అందము పనినుండి వేరుపడి లేదు.

మన బతుకమ్మను చూడుడు. కావ్యములలో తామరలు, కలువలు, సంపెగలు రాజ్యమేలును. బతుకమ్మలో తంగేడు, గునుగు ముందు నిలుచును. తంగేడు బీడునేలలలో పెరుగును, ఎవ్వరును నీరు పోయరు. ఈనాడది తెలంగాణ రాష్ట్రపుష్పము. గునుగు చేలలో కలుపుమొక్క. మగవారును పిల్లలును వాటిని కోసి తెత్తురు. ఆడువారు వరుసలుగా పేర్చి, నడుమ గౌరమ్మను నిలిపి, చుట్టును తిరిగి పాడుదురు. ఆ పాటలలో పుట్టిల్లు, అత్తిల్లు, అన్నదమ్ముల రాక, పంటలు, వానలు వినబడును. ఆడువారు తమకుతాము పాడుకొన్నపుడు తల మొదలుకొని పాదముల వరకు వర్ణించుకొనవలసిన అవసరము వారికి అంతగా తోచలేదు. ఇంకొక్క సంగతి: గునుగుపువ్వు పుట్టుకతో తెల్లనిది. ఆడువారు దానిని ఎరుపు, పచ్చ, నీలిరంగులలో ముంచి పేర్చుదురు. తెలుపు మాత్రమే చాలదని వారి కంటికి తోచినది కాబోలు. శామీర్‌పేట పెద్దచెరువు గట్టున ఆ రంగులు చూచినవారికి ఈ మాట చెప్పవలసిన పనిలేదు.

స్త్రీలు కలము పట్టినపుడు ఈ కొలత మారినదా? వెంటనే మారలేదని ఒప్పుకొనవలెను. రామాయణమును రచించిన మొల్ల, సీతను వర్ణించునపుడు సంప్రదాయపు పోలికలను విడువలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన ముద్దుపళని రాధికాసాంత్వనములో పాతపోలికలనే వాడినది. కాని ఆమె రాధకు ఒక మనస్సు, ఒక కోపము, తన కోరికను తాను చెప్పుకొను నోరు ఇచ్చినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ గ్రంథమును పరిష్కరించి ప్రకటింపగా, అశ్లీలమని ఆనాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశంగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా నుండగా ఆ నిషేధము తొలగినది. పురుషులు స్త్రీని ఆపాదమస్తకము వర్ణించిన కావ్యములు ఎన్నియో పండితుల చేతులలో నిర్భయముగా నిలిచినవి. స్త్రీ తన మాటగా చెప్పినది మాత్రము దోషమైనది. దీనిని బట్టి ఆక్షేపణ వర్ణనపై కాదు, వర్ణించిన వారిపై యని తెలియుచున్నది.

ఇరువదవ శతాబ్దిలో నండూరి సుబ్బారావుగారి ఎంకి వచ్చినది. ఆమె పల్లెపడుచు. నాయుడుబావతో తన వాడుకమాటలలోనే మాటాడును. పండితులలో కొందరు ఆ భాషను ఆక్షేపించినను, జనము ఆ పాటలను నెత్తిన పెట్టుకొన్నారు. రేడియోలోను అవి ఇంటింటికి చేరినవి. పల్లె స్త్రీ నాయిక కాగలదని తెలుగు పాఠకుడు ఆనాడు ఒప్పుకొనెను. అయినను ఎంకిని చూచుచున్నది, పాడుచున్నది పురుషుడే.

1980ల నుండి స్త్రీలు ఈ చూపునే ప్రశ్నించిరి. తమపై పడు చూపులనే వస్తువుగా తీసికొని జయప్రభ కవిత వ్రాసినది. 1993లో వెలువడిన నీలిమేఘాలు అను సంకలనము అట్టి కవితలను ఒకచోట చేర్చినది. ఆ తరువాత, ఈ శతాబ్దపు తొలియేండ్లలో, దళితస్త్రీల రచనలను గోగు శ్యామల నల్లపొద్దు అను పేర ప్రకటించినది. ఆమె పుట్టినది తాండూరు ప్రాంతపు పెద్దేముల్‌లో. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడువరకు మేడ్చల్, శామీర్‌పేటలును పెద్దేములును ఒకే రంగారెడ్డి జిల్లాలోనివి. నలుపును దాచుకొనవలసిన దానినిగా గాక, ముఖపత్రముపై నిలుపుకొనవలసిన పేరుగా ఆ సంకలనము ఎంచుకొన్నది. అలంకారికుల పట్టిక మన జిల్లాలోనే తారుమారైనదని చెప్పుకొనుట మనకు గర్వకారణము.

మరి కవిత్వము ఇంత దూరము నడచినను, పెండ్లిచూపుల మానిక ఎందుకు మారలేదు? ఆ మానికను నేడు చేతబట్టినది కవి కాదు, వర్తకుడు. ముఖమును తెలుపుచేయునని చెప్పిన ఫెయిర్ అండ్ లవ్లీ లేపనము 1975లో మన దేశపు అంగళ్లకు వచ్చినది. తెల్లనైన పిల్లకు వరుడును ఉద్యోగమును దొరకునని ప్రకటనలు దశాబ్దములపాటు ఇంటింట బోధించినవి. విమర్శలు పెరుగగా 2020లో ఆ పేరునుండి తెలుపును చెప్పు మాటను తొలగించి, గ్లో అండ్ లవ్లీ యని మార్చిరి. డబ్బా మీది పేరు మారినంత సులభముగా మనస్సులోని పేరు మారదు. 2025 మే 7 నుండి 31 వరకు మన హైదరాబాదు నగరము 72వ ప్రపంచసుందరి పోటీలకు వేదికయైనది. తుదిపోటీలో థాయిలాండు యువతి ఓపల్ సుచాత కిరీటమును గెలిచినది. వివిధఖండముల యువతులు వివిధవర్ణములతో ఒకే వేదికపై నిలుచుట మంచిదే. కాని సౌందర్యమునకు మార్కులు వేయవచ్చుననియు, వేయువారు వేరే యుందురనియు నమ్ముటలో, ఆ వేదికకును ప్రభువుల సభకును భేద మంతగా లేదు.

దీని ఫలితము ఇండ్లలో కనబడుచున్నది. రంగు తక్కువ యన్న మాట వెంట కట్నము ఎక్కువ యన్న మాట వచ్చును. కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినను, ఈ తూకము నేటికిని నడచుచున్నది. పిల్ల చదువు ఒక ప్రక్క, ఆమె మేనిచాయ మరియొక ప్రక్క పెట్టి తూచినపుడు, చదువు తేలిపోవుచున్నది. పదునైదేండ్ల పిల్లలు ఎండకు జడిసి ఆట మానుచున్నారు. ద్రాక్షతోటలలోను, వరిమళ్లలోను ఎండకు నిలిచి ఆ యిల్లు నిలిపిన నాయనమ్మల చాయయే వీరి చాయ యని వారికి ఎవ్వరును చెప్పుటలేదు.

కాబట్టి ఆ పిల్ల ప్రశ్నకు మా జవాబిది. కావ్యములలో నీవంటి పిల్ల ఉన్నది. ద్రౌపది పేరులో ఉన్నది, చామ యను మాటలో ఉన్నది, మసిచేతి ఇల్లాలి గాథలో ఉన్నది. లేనిచోటను మా వంటివారు చదివి వినిపింపలేదు గాని, కవిత్వము నిన్ను వెలివేయలేదు. కావ్యసుందరి యనునది కవి తన నేర్పు చూపుటకు చేసికొన్న బొమ్మ. బొమ్మను బొమ్మగా మెచ్చుకొనవచ్చును. దానిని తెచ్చి వాకిట నిలిపి, ఇంటిపిల్లను దానిప్రక్క నిలబెట్టి చూచుట పద్యమునకును అవమానము, పిల్లకును అవమానము.

ఈ మాటలన్నియు ఉత్తరముగా వ్రాసి పంపితిమి. ఆమెనుండి బదులు వచ్చినది. "తాతా, ద్రౌపది ముచ్చట మంచిగున్నది. గని సంబంధం తెచ్చిన పెద్దమనిషి భారతం సదువలే గదా!" అని వ్రాసినది.

నిజమే. ఆయన చదువలేదు. చదివిన మేము ఆనాడు అదే గదిలో, ఆయన ఎదుటనే, చాయ త్రాగుచు మౌనముగా కూర్చుండి యుంటిమి. జవాబు చెప్పవలసినది అప్పుడు, చెప్పవలసినవారము మేము. శ్రోతలలో ఎవరి యింటనైనను రేపు అట్టి మాట వినబడినచో, మావలె ఆలస్యము చేయవలదని మా మనవి.